విమానంలో సీటుకు విడిగా డబ్బు: ఎవరికి కట్టాలి, ఎవరికి అక్కర్లేదు

చిత్తూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. భార్యాభర్తలు, తొమ్మిదేళ్లు, ఐదేళ్లు ఉన్న ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న 68 ఏళ్ల అమ్మ, మొత్తం ఐదుగురు. రేణిగుంట (తిరుపతి విమానాశ్రయం) నుంచి హైదరాబాద్, అక్కడ మారి ఢిల్లీ, తిరిగొచ్చేటప్పుడూ అదే దారి. బుక్ చేస్తుంటే సీట్ల పేజీలో ప్రతి సీటు మీదా రేటు కనిపిస్తోంది. "కట్టకపోతే పిల్లల్ని తలో చోట కూర్చోబెడతారా? అసలు ఇది కట్టి తీరాల్సిందేనా?" అని అడిగారు.

కట్టి తీరాల్సిందేమీ లేదు. టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ ఒక సీటు ఉంటుంది, దానికి వేరే డబ్బు అక్కర్లేదు. కాకపోతే అది ఏ సీటన్నది మీ చేతిలో ఉండదు. మీ స్థానంలో నేనైతే, ఏటీఆర్ అనే చిన్న ఫ్యాన్ల విమానమైతే రేణిగుంట–హైదరాబాద్ ముక్కకు ఒక్క రూపాయి కట్టను. హైదరాబాద్–ఢిల్లీకి మాత్రం అమ్మగారికి ఐల్ సీటు (నడవ పక్కది), ఆవిడ పక్కన నాకొక సీటు, ఈ రెండే కొంటాను. భార్యకు, పిల్లలకు కొనను. ఎందుకో చెబుతాను, కాస్త పెద్దదే.

నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా టికెటింగ్ పనిలో ఉన్నాను. సీట్ల పేజీ దగ్గర ఆగిపోయి ఫోన్ చేసేవాళ్లు రోజూ ఉంటారు. టికెట్ ధర చూసి ధైర్యంగా ముందుకెళ్లినవాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి టెన్షన్ పడతారు. ఆ పేజీని తయారుచేసిందే అందుకు.

ముందు రూల్ సంగతి. నచ్చిన సీటు, భోజనం, లాంజ్ వంటివాటిని టికెట్ నుంచి విడదీసి అమ్ముకోవచ్చని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2015లో ఎయిర్‌లైన్స్‌కు అనుమతిచ్చింది. విడదీస్తే అసలు టికెట్ చవకవుతుందని, అక్కర్లేనివాళ్ల మీద ఆ భారం పడదని దాని ఉద్దేశం. అయితే ఇవన్నీ ప్రయాణికుడు కోరుకుంటేనే అమ్మాలి, తప్పనిసరి చేయకూడదు అన్న షరతు కూడా ఉంది. 2018 నవంబరులో ఇండిగో వెబ్ చెక్-ఇన్‌లో (అంటే ఎయిర్‌పోర్టుకు రాకముందే ఆన్‌లైన్‌లో సీటు, బోర్డింగ్ పాస్ తీసుకోవడంలో) అన్ని సీట్లకూ చార్జీ అని చెప్పినప్పుడు జనం మండిపడ్డారు. పరిశీలిస్తామని పౌర విమానయాన శాఖ అంది. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ఇచ్చే సీటు ఉచితమేనని ఇండిగో వివరణ ఇచ్చింది. అంటే డబ్బు ఎంచుకున్నందుకే. వాళ్లిచ్చింది తీసుకుంటే ఏమీ లేదు.

ఇంకో భయం కూడా చాలామందికి ఉంది: కౌంటర్‌కు వెళ్తే బోర్డింగ్ పాస్‌కు డబ్బు అడుగుతారని. కరోనా తర్వాత కొన్ని ఎయిర్‌లైన్స్ అలా వసూలు చేసిన మాట నిజమే. అది నిబంధనలకు విరుద్ధమని 2022 జూలైలో విమానయాన శాఖ చెప్పేసింది. కాబట్టి కౌంటర్‌కు వెళ్లడానికి జంకక్కర్లేదు.

ఇక మీ అసలు ప్రశ్న, పిల్లలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు, అదే పీఎన్ఆర్‌లో (ఒకే బుకింగ్ నంబరు మీద) ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలి. 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ ఎయిర్‌లైన్స్‌కు ఈ ఆదేశం ఇచ్చింది. ఇలా కూర్చోబెట్టినట్టు రికార్డు కూడా ఉంచాలని చెప్పింది. మీ పిల్లలిద్దరూ ఈ వయసులోనే ఉన్నారు. ఇందులో రెండు మాటలు మాత్రం జాగ్రత్తగా చదవండి. ఒకటి "కనీసం ఒకరు", అంటే కుటుంబమంతా ఒకే వరసలో అని కాదు. రెండోది "అదే పీఎన్ఆర్".

ఈ రెండో మాట దగ్గరే మనవాళ్లు దెబ్బ తింటారు. కార్డు ఆఫర్ ఒక బుకింగ్‌కు ఒక్కసారే వస్తుందని ఇద్దరిని ఒక కార్డు మీద, ముగ్గురిని ఇంకో కార్డు మీద వేస్తారు. పెద్దావిడకు సీనియర్ సిటిజన్ ఫేర్ అని విడిగా తీస్తారు. ఇంకొంచెం తెలిసినవాళ్లు ఇంకో పని చేస్తారు. విమానంలో చవక రేటు సీట్లు మూడే మిగిలి ఉన్నప్పుడు ఐదుగురికి కలిపి వెతికితే ఐదుగురికీ పై రేటే చూపిస్తుంది. అందుకని ముగ్గురిని ముందు చవక రేటులో తీసి, తర్వాత ఇద్దరిని వేస్తారు. డబ్బు మిగిలే మాట నిజమే, మేమూ చేస్తాం. కానీ అలా విడగొట్టేటప్పుడు ప్రతి పిల్లాడితో పాటు తల్లో తండ్రో అదే పీఎన్ఆర్‌లో ఉండేలా చూసుకోవాలి. పిల్లలిద్దరినీ అమ్మమ్మతోనో నానమ్మతోనో ఒక పీఎన్ఆర్‌లో పెట్టి తల్లిదండ్రులు వేరే పీఎన్ఆర్‌లో ఉంటే, మీ పక్కన కూర్చోబెట్టమని అడగడానికి ఆ రూల్ పనికిరాదు.

రూల్ ఉంది కదా అని వెబ్ చెక్-ఇన్ ప్రతిసారీ సరిగ్గా చేస్తుందా అంటే, చేయదు. శ్రీకాళహస్తి నుంచి ఒక జంట, ఆరేళ్ల పాపతో బెంగళూరు నుంచి ముంబై వెళ్లాల్సింది. ముందురోజు రాత్రి ఫోన్‌లో చెక్-ఇన్ చేస్తే ముగ్గురికీ మూడు వరసలు వచ్చాయి, పాపకు ఎక్కడో వెనక మిడిల్ సీటు. కిందనే "సీట్లు మార్చుకోండి" అని రేటుతో సహా ఒక బటన్. నొక్కబోతూ నాకు ఫోన్ చేశారు. నొక్కొద్దన్నాను. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి పాప వయసు, పీఎన్ఆర్ చెప్పి నోట్ చేయించమన్నాను. పొద్దున విమానం టైముకు రెండు గంటల ముందే కౌంటర్‌కు వెళ్లమన్నాను. కౌంటర్‌లో అమ్మాయి పాప వయసు చూసి, ఏ వాదనా లేకుండా తల్లికీ పాపకూ పక్కపక్కన ఇచ్చింది. తండ్రికి నాలుగు వరసల వెనక వచ్చింది. వాళ్లకది చాలు. ఇదే పని చెక్-ఇన్ మూసేసే వేళకు వెళ్లి అడిగితే, ఇవ్వాలని ఉన్నా ఇవ్వడానికి పక్కపక్క సీట్లు మిగలవు. దేశీయ విమానాలకు కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు.

కంప్యూటర్ కావాలనే విడగొడుతుందా అని చాలామంది అడుగుతారు. ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవు. బ్రిటన్‌లో అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ 2018లో ప్రయాణికులను అడిగి చూస్తే, కలిసి బుక్ చేసుకున్నా విడివిడిగా కూర్చోవాల్సి వచ్చిందన్నవాళ్లు ర్యానైర్ అనే ఎయిర్‌లైన్‌లో అందరికంటే ఎక్కువ తేలారు, 35 శాతం. అమెరికాలో ఐదు ఎయిర్‌లైన్స్ కలిసి 2018 నుంచి 2023 దాకా సీటు చార్జీల మీదే 1,240 కోట్ల డాలర్లు సంపాదించాయని అక్కడి సెనేట్ కమిటీ 2024 నవంబరులో లెక్క తేల్చింది. ఇంత డబ్బు వచ్చే చోట మంచి సీట్లు ఉచితంగా ఎందుకు పంచుతారు? అమ్ముడయ్యే సీట్లు చివరిదాకా పక్కన పెట్టి, ఉచితం అన్నవాళ్లకు ముందుగా మిడిల్ సీట్లు, వెనక వరసలు అంటగడతారు. నాకు కనిపించేది ఇదే.

ఇప్పుడు మీ రేణిగుంట విమానం. బుక్ చేసేటప్పుడు విమానం వివరాల్లో దాని రకం సాధారణంగా ఉంటుంది, చూడండి. ఏటీఆర్ 72 అని ఉంటే సీటు కొనడం దాదాపు దండగ. మన తిరుపతికి ఈ చిన్న ఫ్యాన్ల విమానం చాలాకాలంగా తిరుగుతోంది. అందులో నడవకు అటు రెండు, ఇటు రెండు సీట్లు. మిడిల్ సీటన్నదే లేదు. మీరేమీ కట్టకపోయినా వచ్చేది విండో, లేకపోతే ఐల్. పైగా ఎక్కేదీ దిగేదీ వెనక తలుపు నుంచి. ముందు వరస కదా, త్వరగా దిగొచ్చు అని డబ్బు కట్టి కూర్చున్నవాళ్లు అందరూ దిగాక దిగుతారు. ఫ్యాన్ల మోత కూడా ముందు సగంలోనే ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారికి ఈ విమానంలో చివరి వరసలే సుఖం, తలుపు నుంచి నాలుగడుగులు. ఉచితంగా దొరికేవీ ఎక్కువగా ఆ వరసలే! హైదరాబాద్‌కు గంటా గంటన్నర ప్రయాణం.

"కొండ కనిపించే వైపు సీటు ఇప్పించు సామీ" అని అడిగేవాళ్లు మాకు చాలామంది. విమానం ఏ వైపు నుంచి దిగుతుందో గాలిని బట్టి మారుతుంది, కాబట్టి కొండ కోసమని విండోకు డబ్బు పెట్టొద్దనే చెబుతాను. ఏటీఆర్‌లో ఒక సుగుణం ఉంది. రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కాబట్టి ఏ కిటికీలోంచి చూసినా నేల బాగానే కనిపిస్తుంది. ఎయిర్‌బస్‌లో రెక్క కిందుంటుంది. మధ్య వరసల్లో విండో సీటు కొంటే రెక్కను చూస్తూ వెళ్లాల్సిందే.

హైదరాబాద్–ఢిల్లీ ఎయిర్‌బస్ ఏ320 రకం అయితే అటు మూడు, ఇటు మూడు సీట్లు. రెండు గంటల పైన ప్రయాణం. ఇక్కడ మీ ఐదుగురి లెక్క కలిసొస్తుంది. మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు కలిస్తే ముగ్గురు, సరిగ్గా ఒక వైపు వరస. ఆ ముగ్గురిని సిస్టమ్‌కే వదిలేయండి. పిల్లల రూల్ వాళ్లకు వర్తిస్తుంది. మీరు, అమ్మగారు పక్కపక్కన రెండు సీట్లు కొనుక్కోండి. మామూలు వరసల్లోనివే, ఖరీదైనవి కాదు. తల్లీపిల్లలు వెనక ఎక్కడో వచ్చినా రెండు గంటలకు నష్టం లేదు.

చేయకూడనిది ఒకటుంది. భార్యాభర్తలకు మంచి సీట్లు కొనుక్కుని, పిల్లలకు ఎలాగూ రూల్ ఉంది కదా అని వదిలేయడం. మీరు కొన్న సీట్ల పక్కవి ఇంకెవరో కొనేసి ఉంటారు. అప్పుడు పిల్లల్ని మీ పక్కన వేయాలంటే కొన్న సీటు వదులుకోవాల్సింది మీరే.

డబ్బు లెక్క కూడా చూడండి. ఐదుగురు, వెళ్లేటప్పుడు రెండు విమానాలు, వచ్చేటప్పుడు రెండు. మొత్తం ఇరవై సీట్లు. సీటుకు సగటున 350 అనుకుంటే 7,000. నేను చెప్పినట్టయితే నాలుగు సీట్లు, 1,400. కనెక్షన్ టికెట్‌లో సీటు చార్జీ ఒక్కో విమానానికి విడివిడిగా పడుతుంది. మొదటి విమానానికి కొని, రెండోదానికీ కలిపే కట్టామనుకునేవాళ్లు చాలామంది.

కాళ్లు చాపుకోవచ్చని ఎమర్జెన్సీ డోర్ పక్క వరస అమ్మగారికి కొనాలనుకోవద్దు. ప్రమాదంలో తలుపు తీయగలిగినవాళ్లకే అది ఇస్తారు. పిల్లలు, గర్భిణులు, సాయం అవసరమైన పెద్దవాళ్లు అక్కడ కూర్చోకూడదు. పొరపాటున కొన్నా ఎక్కేటప్పుడు లేపి వేరేచోట కూర్చోబెడతారు.

మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి ఆవిడకు వీల్‌చెయిర్ అడగండి. టికెట్ తీసేటప్పుడే పెట్టొచ్చు, లేదా 48 గంటల ముందు చెప్పాలి. నడవలేనివాళ్లకు ఈ సాయం ఉచితం. హైదరాబాద్‌లో విమానం మారేటప్పుడు నడక ఎంతో తెలిస్తే మీరే అడుగుతారు. వీల్‌చెయిర్ పెట్టాక మాత్రం ముందు వరస సీటుకు ఎక్కువ కట్టడంలో అర్థం లేదు. వీల్‌చెయిర్ వాళ్లను మామూలుగా అందరూ దిగాకే దింపుతారు. ఐల్ సీటు మాత్రం ఉండాలి, మిడిల్‌లోకి జరిగి కూర్చోవడం ఆ మోకాళ్లకు కష్టం. వీల్‌చెయిర్ నమోదైనవాళ్లకు కౌంటర్‌లో అడిగితే ఐల్ ఇస్తూనే ఉంటారు. అయినా ఇది అమ్మగారి విషయం, నేనైతే అదృష్టానికి వదలను.

నా లెక్క ఒకటే. అడిగిన సీటు రాకపోతే ఒంటికి ఇబ్బంది అయ్యేవాళ్లకు కొనాలి, మనసుకు ఇబ్బంది అయ్యేవాళ్లకు అక్కర్లేదు. పీలేరు, రాయచోటి వైపు నుంచి చెన్నై మీదుగా కువైట్ వెళ్లే కుర్రాళ్లు ఎప్పుడూ సీటు కొనరు, కొనమని నేనూ చెప్పను. ఎక్కి కూర్చుని నిద్రపోతారు. అదే మదనపల్లె నుంచి ఒక పెద్దాయన, షుగర్ ఉంది, గంటకోసారి బాత్రూమ్‌కు వెళ్లాలి. భార్యతో కలిసి గల్ఫ్ మీదుగా అమెరికాలోని కొడుకు దగ్గరికి బయలుదేరారు. రెండో విమానం పద్నాలుగు గంటలకు పైనే. కొడుకు అక్కడి నుంచి చవక ఫేర్ తీశాడు, సీట్లు వదిలేశాడు. నేను ఆ పెద్దాయనకు పొడుగు విమానంలో ఐల్ కొనిపించాను, పక్కన ఆవిడకు మిడిల్. మొదటి విమానానికి కొననివ్వలేదు. కొన్ని గల్ఫ్ ఎయిర్‌లైన్స్‌లో ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరిచినప్పుడు మిగిలిన మామూలు సీట్లు ఉచితంగా ఎంచుకోవచ్చు, సాధారణంగా 48 గంటల ముందు తెరుస్తారు. అప్పుడు ఎవరో ఒకరు గడియారం చూసుకుని కూర్చోవాలి. ఆర్టీసీ బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టడం మనవాళ్లకు కొత్త కాదు, ఇదీ అంతే.

మన దేశీయ విమానాల్లో ఆ పద్ధతి పెద్దగా పనిచేయదు. చెక్-ఇన్ తెరిచాక కూడా మంచి సీట్లకు రేటు అలాగే ఉంటుంది. అయినా మరీ ఆలస్యం చేయకండి. విమానం ఓవర్‌బుక్ అయితే, అంటే ఉన్న సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్మితే, ఆఖర్న వచ్చినవాళ్లే ఇరుకున పడతారు.

ఆ సీట్ల పేజీ గురించి కూడా చెప్పాలి. ఖరీదైన సీట్లు రంగురంగుల్లో మెరుస్తుంటాయి. పెద్ద బటన్ మీద డబ్బు మొత్తం ఉంటుంది. "స్కిప్" అన్నది ఏ మూలనో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని నొక్కితే "మీవాళ్లు విడివిడిగా కూర్చోవాల్సి రావచ్చు, ఫర్వాలేదా?" అన్నట్టు ఇంకో పెట్టె తెరుచుకుంటుంది. ఫర్వాలేదనే నొక్కండి. ఇలా భయపెట్టో, సిగ్గుపడేలా చేసో, అడగకుండానే బుట్టలో వేసో అమ్మడాన్ని డార్క్ ప్యాటర్న్స్ అంటారు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 రకాలను నిషేధిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది. పేజీలు మాత్రం పెద్దగా మారలేదు. బుకింగ్ యాప్‌లలో అయితే ఇన్సూరెన్స్, ఇంకేవో కూడా టిక్ అయ్యి ఉంటాయి. డబ్బు కట్టే ముందు మొత్తం ఎంతైందో విడివిడిగా తెరిచి చూడండి.

తొందర లేదు కూడా. టికెట్ తీసిన రోజే సీటు కొనాలని ఎక్కడా లేదు. ముందు టికెట్ తీసుకుని, తర్వాత ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి సీటు పేజీ నింపాదిగా చూసుకోవచ్చు. యాప్‌లో తీసిన టికెట్‌కైనా ఇదే దారి. పండగ రోజుల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం అమ్మగారి సీటు వెంటనే కొనేయండి, ఐల్ సీట్లు ముందుగా పోతాయి.

సీటు కొన్నాక విమానం మారిపోతే? జరుగుతుంది. పుత్తూరు నుంచి ఒక పొడగరి, ఎమర్జెన్సీ వరస కొన్నాడు. పెద్ద విమానం తీసేసి ఏటీఆర్ వేశారు, కొన్న వరస దక్కకుండా పోయింది. ఎయిర్‌లైన్ తనంతట తాను ఏమీ చెప్పలేదు. పాత రసీదు, కొత్త బోర్డింగ్ పాస్ రెండూ జతచేసి మెయిల్ పెడితే సీటు డబ్బు వెనక్కి వచ్చింది. వాళ్లు మార్చితే అడగండి, వస్తుంది. మీరే ప్రయాణం రద్దు చేసుకుంటే మాత్రం సీటు డబ్బు మామూలుగా పోయినట్టే. అడిగినా పట్టించుకోకపోతే ప్రభుత్వ ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. రసీదు లేకపోతే ఏదీ జరగదు, అందుకని స్క్రీన్‌షాట్ అయినా తీసి పెట్టుకోండి.

విమానం ఎక్కాక సీటు మార్చుకుందామంటే, ఒకప్పుడు అడిగిన వెంటనే లేచేవాళ్లు. ఇప్పుడు "నేను డబ్బు కట్టాను" అంటారు, వాళ్లది న్యాయమే. అడగాలంటే మీ ఐల్ ఇచ్చి వాళ్ల మిడిల్ అడగండి, ఒప్పుకుంటారు. మీ మిడిల్ ఇచ్చి వాళ్ల విండో అడిగితే ఎవరూ లేవరు.

మీ టికెట్లు ఇంకా తీయలేదన్నారు. ఐదుగురినీ ఒకే పీఎన్ఆర్‌లో వేయండి. అమ్మగారికి సీనియర్ ఫేర్ బాగా తక్కువగా వస్తే ఆవిడను మీతో కలిపి ఇద్దరికి ఒక పీఎన్ఆర్, మీ ఆవిడకూ పిల్లలకూ ఇంకొకటి తీయండి. అప్పుడు మాత్రం రెండు పీఎన్ఆర్‌లు ఒకే కుటుంబానివని కస్టమర్ కేర్‌కు చెప్పి నోట్ చేయించండి, వీల్‌చెయిర్ అన్ని విమానాలకూ పడిందో లేదో అదే ఫోన్‌లో అడగండి.